రెబెకా చదివించిన తీర్మానం

ట్యాంకరు పైపు కింద బిందె పెట్టి నిలబడ్డ రెబెకాను, కొమురవ్వ అందరి ముందూ అడిగేసింది.

"నీళ్ల ట్యాంకు మనకు లేదంట. టౌను రోడ్డు మీద కడుతరంట. నిన్న కొలతలకొచ్చినోళ్లు చెప్పిండ్రు. గా కాగితం మీద నీ సంతకమున్నదంట గదనే?"

"నేనెందుకు పెడత పెద్దమ్మా?"

"ఫోన్ల ఫోటో సూపిచ్చిండ్రు. ఇంటిపేరుతోని సహా ఉన్నది."

బిందె నిండింది. రోజూ వరసలోని ఆడవాళ్లు ఎవరో ఒకరు చెయ్యేసి నెత్తికెత్తేవాళ్లు. ఆ రోజు ఎవరూ రాలేదు. రెబెకాకు తల కొట్టేసినట్లయింది.

చెన్నూరు దాటాక బొగ్గు గని పక్కన ఉంటుంది వాగొడ్డు కాలనీ. గని లోతుకు పోయినకొద్దీ బావులు ఎండుతూ వచ్చాయి. రెబెకా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ట్యాంకరు రాకపోతే బియ్యం కడగడానికి కూడా దిక్కు లేదు. ఇలాంటి ఊళ్లకు ఏం కావాలో కరీంనగర్‌లోని ప్రాంత అభివృద్ధి మండలి తేలుస్తుంది. ఇన్నేళ్లూ అందులో ఆఫీసర్లూ లీడర్లూ కూర్చుని, తమకు తోచింది రాసుకుని లేచేవాళ్లు. ఈ ఏడాది రూల్సు మార్చారు. బాధ పడే ఊళ్లవాళ్లకూ నాలుగు కుర్చీలు ఇచ్చారు. నాలుగు అక్షరాలు వచ్చు, నలుగురిలో మాట్లాడుతుంది అని కాలనీ అంతా కలిసి రెబెకాను పంపింది. మొదటి మీటింగులో ఆమె అడిగింది ఒక్కటే, నీళ్ల ట్యాంకు. సరేనన్నారు.

మరి ఈ సంతకం ఎక్కడిది? రెండు రోజులు నిద్ర లేకుండా ఆలోచిస్తే అప్పుడు తట్టింది. పోయిన నెల మీటింగులో చాయ్‌కు ముందు గుమాస్తా సాగర్ ఒక కాగితం తెచ్చాడు. పైన అంతా ఖాళీ, కింద పేర్లు. బడి రిజిస్టరులో రోజూ పెట్టినట్టే, హాజరుకేమో అనుకుని గుండ్రంగా, ముచ్చటగా పెట్టింది. ముందు సంతకాలు తీసుకోవడం, పైన తీర్మానం తర్వాత రాసుకోవడం ఆ ఆఫీసులో ఏళ్లనాటి అలవాటట. కొత్త కుర్చీలైతే వేశారు గానీ, ఆ పాత అలవాటును మాత్రం ఎవరూ కదిలించలేదు మహానుభావులు.

మూడోనాడు మళ్లీ మీటింగు. బస్సులో దుబ్బగూడెం దగ్గర మొగిలి ఎక్కాడు. ఆ ఊరి తరఫున అతనూ సభ్యుడే. రెబెకా చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"చెల్లె, ఒక్క మాట," అన్నాడు చివరికి. "మా ఊరి దవాఖాన సుత గదే కాగితం మీద పాసైంది. కాగితం తప్పని నువ్వంటే మాది సుత పోతది."

"మరి నన్నేం చేయమంటవ్ అన్నా?"

"పోయిన వానకాలం మా కోడలికి ఆటోలనే కాన్పయింది. బిడ్డ దక్కలే. ఇప్పుడు మళ్లా ఏడో నెల. నేనేం చెప్పాలె నీకు?"

రెబెకాకు మొగిలి మీద కోపం వచ్చింది. ఆ కోపం తప్పని కూడా తెలుసు.

మండలికి కొత్తగా వచ్చిన ఆఫీసరు మమతారాణి. ఆమె కూర్చోగానే సాగర్ ఆ రోజు సంగతులు మొదలుపెట్టబోయాడు. రెబెకా లేచింది.

"మేడం, ముందుగాల పోయినసారి రాసింది సదివియ్యిండ్రి."

"అట్ల సదువుడు ఇక్కడ లేదమ్మా," అన్నాడు సాగర్.

"మా చర్చి మహిళా సమాజంల ఉన్నది సారు. ఇరవై ఏండ్ల సంది నేనే రాస్త. పోయిన కూటంల రాసింది సదవాలె, సరే అని నలుగురు అనాలె. గప్పటిదాక కొత్త ముచ్చట ఎత్తం. ఒకపాలి జంపఖానా ఎవరు ఉతకాలె అన్న కాడ పేరు తప్పు పడ్డదని గంట సేపు కూసున్నం."

ఎవరో నవ్వారు. మమతారాణి నవ్వలేదు. "చదవండి," అంది.

సాగర్ నీళ్లు నములుతూ చదివాడు. నాలుగు తీర్మానాలు. రెండోది దుబ్బగూడెం దవాఖాన. మూడోది, వాగొడ్డు ట్యాంకును టౌను రోడ్డుకు మార్చడానికి సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని.

"ట్యాంకు మాట పోయినసారి రానేలేదు మేడం," అంది రెబెకా. "సంతకం నాదే. హాజరుకనుకొని పెట్టిన. ఖాళీ కాగితం మీద పెట్టుడు నా తప్పు. గా తప్పు రాసుకోండ్రి. కని గక్కడ రాసింది మేమన్నది కాదు."

మమతారాణి కాగితం తిప్పి చూసింది. "ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకున్నారంటే ఒక్క తీర్మానం కొట్టేస్తే సరిపోదు. నాలుగూ పోతాయి, అన్నీ మళ్లీ మొదటి నుంచి రావాలి. ఒక్కరి మాట మీద ఆ పని చేయలేను. ఈమె చెప్పింది నిజమని ఇంకెవరైనా అంటారా?"

మిగతా రెండు ఊళ్లవాళ్లు కిందికి చూశారు. లీడర్లు ఫోన్లు చూసుకున్నారు. రెబెకా మొగిలి వైపు చూడకూడదనుకుంది. అడిగే ముఖం ఆమెకు లేదు. చూడకుండా ఉండలేకపోయింది.

మొగిలి టేబులు పట్టుకుని లేచాడు.

"నిజమే మేడం. కాగితం ఖాళీదే. నేను సుత గట్లనే పెట్టిన."

నాలుగూ కొట్టేశారు. ఇకపై చదివి వినిపించాకే సంతకాలని మమతారాణి తన చేత్తో రాసి, ఆ ముక్కను పైకి చదివింది. దవాఖాన మళ్లీ ఎప్పుడు వస్తుందని మొగిలి అడిగితే, మూడు నెలలైనా పడుతుందంది.

తిరుగు బస్సులో మొగిలి వేరే సీట్లో కూర్చున్నాడు. కొమురవ్వ రెండుసార్లు ఫోను చేసింది. ట్యాంకు దారి మళ్లీ తెరుచుకుందని చెబితే చాలు, కాలనీ అంతా ఎదురొస్తుంది. రెబెకా ఫోను ఎత్తలేదు. దుబ్బగూడెం స్టేజీ రాగానే మొగిలి దిగాడు. వెనకాలే రెబెకా కూడా దిగింది.

"నీ ఊరు గిది కాదు గద చెల్లె," అన్నాడు మొగిలి.

"ఎరుకే అన్నా. దవాఖాన ఎందుకు ఆగిందో కోడలికి నేను చెప్త."

మొగిలి వద్దనలేదు, రమ్మనలేదు. ఇంటి దారి పట్టాడు. రెబెకా కొంగు బిగించుకుని అతని వెనకాలే నడిచింది.