ఉప్పవ్వ పంపిన కూర

మొన్న బుధవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని ఉండగా, నెల్లూరులో కాలేజీలో చదువుకుంటున్న మా వదిన మనవడు మోటారుసైకిలు ఆపి, తడిగుడ్డలో చుట్టిన మూట ఒకటి నా ఒళ్ళో పెట్టి, ఉప్పవ్వ పంపించిందని చెప్పి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే ఉప్పుకూర. సముద్రం పక్క పెరిగినవాళ్ళకు దీని సంగతి చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను, ఇది ఎవరూ నాటేది కాదు, ఉప్పుకాలవల పక్క బురదనేలల్లో తనంతట తానే మొలిచి, ఎండలకు పెరట్లో తోటకూర మాడిపోయినా తాను మాత్రం నిలబడే మొక్క. సన్నగా ఉబ్బినట్టుండే ఆ ఆకుల్ని చూడగానే సంతోషపడాల్సిన దాన్ని, ఆ పిల్లవాడు అన్న పేరు దగ్గరే ఆగిపోయాను. మా వదినకు ఆ పేరు రావడానికి కారణం నేను. యాభై ఏళ్ళ పైబడి ఆ పేరు ఆమె మోస్తూనే ఉంది, నేను నోరు మూసుకునే ఉన్నాను.

మా ఊరు ముత్తుకూరుకు తూర్పున, సముద్రానికీ ఉప్పుకాలవకూ నడుమ ఉంటుంది. ఎండాకాలంలో గాలి తిరిగి వేట సాగని రోజుల్లో తెప్పలన్నీ ఇసుక మీదికి చేరేవి, అప్పుడిక పొయ్యి మీదికి ఏదో ఒకటి తేవడం ఆడవాళ్ళ పనీ, పిల్లల పనీ. మా అవ్వ, అంటే నాయన తల్లి, నన్ను వెంటేసుకుని తిరిగేది. ఈతపండ్లు, ముళ్ళు గీరుకుంటూ కోసిన కలివికాయలు, ఆ తరవాత పాలపండ్లు. ఈ పాలపండ్లు తియ్యగా ఉన్నాయి కదా అని గుప్పెళ్ళకొద్దీ తింటే వాటి బంకకు పెదవులు రెండూ అతుక్కుపోయేవి, అవ్వ కొబ్బరినూనె రాసి విడదీసేది. నా నోరు మూతపడేది ఏడాదికి ఆ నాలుగు రోజులేనని మా అన్న ఇప్పటికీ అంటాడు, అననీ.

ఉప్పుకూర దగ్గర మాత్రం అవ్వకు ఒక కట్టుబాటు ఉండేది. కోసే మనిషి ప్రతి దుబ్బు దగ్గరా ఒక ఆకు తుంచి నమిలి చూడాలి. కాలవ ఒడ్డున లేతగా ఉన్నదైతే ఒకసారి ఉడకబెట్టి నీళ్ళు వంపేస్తే చాలు, ఎండకు ఎర్రబారినదైతే మూడు నీళ్ళు వంపినా ఉప్పు పోదు. అందుకే కోసినవాళ్ళే వండాలి, ఎన్ని నీళ్ళు వంపాలో వాళ్ళ నాలుకకే తెలుస్తుంది. ఇక ఆ కూరలో మళ్ళీ ఉప్పు వేయడమన్నది ఎవరూ కలలో కూడా తలపెట్టరు.

నాకు పదేళ్ళప్పుడు అన్నకు పెళ్ళయింది. వదినది కొడవలూరు వైపు వరిపల్లె, వాళ్ళ నాయన మంచినీళ్ళ చెరువులో చేపలు పట్టేవాడు. ఉప్పుకూర అనేది ఒకటుందని కూడా ఆమెకు తెలియదు. అంతవరకూ నాతోనే తిరిగిన అవ్వ, ఇంటికి కొత్తకోడలు రాగానే తన కొడవలి తీసి ఆమె చేతికిచ్చింది. ఆ కొడవలి నేను పెద్దయ్యాక నాకే అని నేను ఎప్పుడో లెక్క కట్టుకుని ఉన్నాను. కడుపు మండిపోయింది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది కానీ, ఆ రోజున నాకది ఇల్లు మునిగినంత పని.

వదిన మా ఇంట్లో మొదటిసారి వండబోయే రోజది. అమ్మ ఎండుచేపలు అమ్ముకు రావడానికి ముత్తుకూరు పోయింది. వదినను కాలవకు తీసుకుపోయి, నమిలి చూడడమెట్లాగో, వండడమెట్లాగో చెప్పమని అవ్వ నాకు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. నేను ఆమెను లేతకూర ఉన్న ఒడ్డు దాటించి, అవతల ఎర్రగా మండుతున్న దుబ్బుల దగ్గరికి తీసుకుపోయాను. ఎంత బాగుందో అని మురిసిపోతూ ఆమె ఒడి నిండా కోసుకుంది. దారిలో ఎలా వండాలని అడిగితే, మామూలు ఆకుకూర మాదిరే అన్నాను. అంతే, ఆ ఒక్క మాటే.

ఆమె నీళ్ళు వంపకుండా, పచ్చిమామిడికాయ ముక్కలు వేసి, ఎండురొయ్యలు వేసి, పైన ఎప్పటిలా ఉప్పు కూడా వేసి వండుతుంటే నేను పొయ్యి పక్కనే కూర్చుని చూశాను. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయాడు. అన్న చెంబెడు నీళ్ళు తాగాడు. తలుపు పక్కన నిలబడ్డ వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది చూసేసరికి నా కోపమంతా ఎటుపోయిందో పోయి భయం పట్టుకుంది. అవ్వ ఒక్కటే అడిగింది, నమిలి చూశావా అని. వదిన నా వైపు చూసింది. ఈ పిల్ల నాకు చెప్పలేదని ఒక్క మాటంటే చాలు, నా వీపు చిట్లిపోయేది.

"నమిలినా అవ్వా, నాకే తెలిసిరాలా" అంది.

అవ్వ ఆ కూరలో గంజి పోసి కలిపింది, అందరూ తిన్నారు, ఆ రోజంతా ఇంట్లో బిందెలకు బిందెలు ఖాళీ అయ్యాయి. అన్న సరదాకి ఉప్పమ్మ అన్నాడు. అది వాడకట్టంతా పాకి, ఆమెకు మనవళ్ళు పుట్టాక ఉప్పవ్వ అయింది. నేనా, మరునాటి నుంచీ ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. కొడవలి అడగలేదు, నిజమూ చెప్పలేదు.

బుధవారం ఆ కూర నమిలి, రెండు నీళ్ళు వంపి వండుకు తిన్నాను కానీ ఆ పేరే మనసులో తిరుగుతూ ఉంది. ఆదివారం ముత్తుకూరు బస్సెక్కాను. అన్నా, వాళ్ళ కొడుకూ కోడలూ, పిల్లలూ అందరూ ఉండగా జరిగింది జరిగినట్టు చెప్పేసి, ఇకనైనా ఆమెను ఆ పేరుతో పిలవొద్దన్నాను. వదిన వక్క కొరుకుతూ నింపాదిగా వింది.

"ఊరుకో మే. ఆ పొద్దు నీ పేరు చెప్పుంటే, ఆ ఇంట్లో నాదని చెప్పుకోను ఒక్క మనిషన్నా దొరికుండేదా? నువ్వు నాకు మిగిలినావు, పేరు కూడా నాకే ఉండనీ."

నేను ఏడ్చాను. అది బాధ కూడా కాదు.

సాయంత్రం ఇద్దరం కాలవ దాకా నడిచాం. ఎర్రదుబ్బుల నేలంతా ఇప్పుడు రొయ్యల గుంటలు, వాటి అవతల పోర్టు లారీల రోడ్డు. గట్టు వెనక చాప పరిచినంత మేర మాత్రం ఉప్పుకూర మిగిలింది. వదినకు ఇప్పుడు నడుం వంగదు, గట్టు మీద కూర్చుని మనవరాళ్ళ చేత కోయిస్తుంది, నమలకుండా కోస్తే ఒప్పుకోదు. ఆ కాస్తా గుంటల కింద పోతే, ఈ పేరెందుకొచ్చిందో ఆ పిల్లలు వాళ్ళ పిల్లలకు ఏం చూపించి చెబుతారో నాకు తెలియదు. నేను కూడా కిందికి దిగి, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. మూడు నీళ్ళు పడతాయి ఉప్పవ్వా, అని గట్టు మీదికి కేకేశాను. ఆ పేరుతో నేను ఆమెను పిలవడం అదే మొదలు.