ఒకే గుండెకు రెండు చీటీలు

మెట్రో కొత్తగా తిరుగుతున్న కాలంలో అమీర్‌పేటలో ఎవరిని పలకరించినా ఏదో ఒక కోర్సు నేర్చుకుంటున్నామని చెప్పేవారు. నేనూ మైత్రీవనంలో రెండు కోర్సులు నేర్చుకుని, రెండింటికీ సర్టిఫికెట్లు తెచ్చుకుని, వాటితో ఏమీ కాక, చివరికి ఛాతీ నొప్పి నేర్చుకున్నాను. అదే నా ఉద్యోగం. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా గదిలోవాళ్లు పొద్దున్నే ఐడీ కార్డులు మెడలో వేసుకుని వెళ్తుంటే, నేను అద్దం ముందు నిలబడి, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, ముఖం కొద్దిగా చిట్లించి, "రెండు రోజులనుంచి ఇక్కడ పట్టేసినట్టు ఉందండి" అని పదిసార్లు అనుకుని బయల్దేరేవాణ్ని. (మా అమ్మకు ఫోన్లో 'హెల్త్ రీసెర్చ్' అని చెప్పాను. అబద్ధమేమీ కాదు.)

పని ఇది. ఒకే వయసు, ఒకే జబ్బు, ఒకే మాటలు చెప్పే ఇద్దరు మనుషులు ఒకే ఆసుపత్రికి వెళ్తారు. తేడా బట్టల్లో మాత్రమే. ఒకడు ఉన్నవాడిలా, ఒకడు లేనివాడిలా. ఎవరిని ఎంతసేపు కూర్చోబెట్టారు, డాక్టరు ఎన్ని నిమిషాలు చూశాడు, 'మీరు' అన్నారా 'నువ్వు' అన్నారా, ఇవన్నీ బయటికొచ్చాక ఫారంలో నింపాలి. ఆసుపత్రుల యాజమాన్యాలు ముందే ఒప్పుకున్నాయి గానీ, ఎవరు ఎప్పుడు వస్తారో లోపల పనిచేసేవాళ్లకు తెలియదు. మా కథలో రోగి వయసు ముప్పై ఎనిమిది. నాకు అప్పటికి ఇరవై తొమ్మిదే అయినా, పలచబడ్డ జుట్టు చూసి, ఈ పరిశోధన నడిపే మా మేడం ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తీసుకుంది. నా జుట్టు వల్ల నాకు కలిగిన మేలు అదొక్కటే.

నాకు జోడీగా దొరికినవాణ్ని అందరూ 'స్టాప్‌వాచ్ అన్న' అనేవాళ్లు. మేడం ఇచ్చిన స్టాప్‌వాచ్‌తో ఆయన ఆసుపత్రి క్యూలే కాదు, ఇరానీ చాయ్ చల్లారడానికి పట్టే టైము, వాళ్ల చర్చిలో పాస్టరుగారి ప్రార్థన, అన్నీ కొలిచేవాడు. లేనివాడి వేషం ఆయనది. చర్చిలో క్రిస్మస్ నాటకానికి పదేళ్లు వరసగా గొర్రెల కాపరి వేశాడు కాబట్టి ఆ పాత్ర మీద తనకే హక్కుందని ఆయన వాదన. వెలిసిన ప్యాంటు, గుండీ ఊడిన చొక్కా, భుజాన తువ్వాలు వేసుకుని తల ఒక పక్కకు వాల్చాడంటే, చూసినవాళ్లు పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు, ఆసుపత్రివాళ్లు తప్ప. నిరుడు అన్న పోయాడు. ఆయన్ని గురించి ఎక్కడ మొదలుపెట్టినా నా మనసు ఈ ఒక్క రోజు దగ్గరికే వచ్చి కూర్చుంటుంది, అందుకని రాసేస్తున్నాను.

మాకు నియమాలు రెండే. ఈసీజీ, రక్తపరీక్ష దాకా సరే. అంతకుమించి ఏదైనా అంటే, "ఇంట్లో అడిగి వస్తానండి" అని మర్యాదగా లేచి వచ్చేయాలి. మరీ గత్యంతరం లేకపోతే చూపించడానికి మేడం సంతకం చేసిన ఒక కవరు ఉండేది. అది అన్న దగ్గర. కానీ ఆ కవరు తెరిస్తే ఆ ఆసుపత్రి మొత్తం మా లెక్కలోంచి పోతుంది. ఆరు వారాల పని నీళ్లపాలు. "కవరు తెరిచిన జంటను మళ్లీ పంపను. ఇంటికి పంపుతాను," అని మేడం నవ్వుతూనే చెప్పింది. ఆమె నవ్వుతూ చెప్పినవే ఎక్కువ నిజమయ్యేవి.

ఆ రోజు పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రి. అన్న తొమ్మిదింటికే వెళ్లి జనరల్ ఓపీలో టోకెన్ తీసుకుని బెంచీ చివర కూర్చున్నాడు. నేను పదిన్నరకు ఇస్త్రీ చొక్కా, బూట్లతో, ఫ్లైఓవర్ పక్క గేటులోంచి వెళ్లాను. సెక్యూరిటీ అతను తలుపు తీశాడు. లోపల ఒకమ్మాయి "ఏంటి సర్ ప్రాబ్లమ్?" అంది. నేను చెయ్యి ఛాతీ మీద పెట్టాను, అంతే. చక్రాల కుర్చీ వచ్చింది. బెంచీ చివర నుంచి అన్న నా వైపు చూసి, చూడనట్టు తల తిప్పి, జేబులో స్టాప్‌వాచ్ నొక్కాడు.

డాక్టరుగారు నిజంగా మంచివాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నా ముంజేయి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ అడిగాడు. హైదరాబాదు వచ్చిన నాలుగేళ్లలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా ఏమీ అడగలేదు. "నొప్పి ఎడమ చేతిలోకి పాకుతోందా?" అన్నాడు. మా స్క్రిప్టు ప్రకారం పాకకూడదు. కానీ మా వైపు ఒక అలవాటుంది. ఎవరైనా అంత ఆపేక్షగా అడిగితే లేదనడం బాగుండదు. వడ్డించేవాళ్లను వద్దనలేనట్టే. "కొంచెం పాకుతోందండి," అన్నాను. ఆయన తల ఊపాడు. నాకు సంతోషమేసింది. "చెమటలు?" "పడుతున్నాయండి." "మెట్లెక్కితే ఆయాసం?" "అదీ ఉందండి." "ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు?" ఇక్కడైనా ఆగాల్సింది. "నాన్నగారికండి," అన్నాను. (ఆ సమయానికి మా నాన్నగారు ఊళ్లో కొబ్బరిచెట్టెక్కి ఉంటారు.)

ఇంకో పావుగంటలో నేను మూడో అంతస్తులో, ఏసీ గదిలో, వెనక ముడులుండే ఆకుపచ్చ గౌనులో ఉన్నాను. ఈసీజీ తీశారు. "ఇప్పటికి బాగానే ఉంది, కానీ మీరు చెప్పిన లక్షణాలకు రిస్క్ తీసుకోలేం. సాయంత్రం యాంజియోగ్రామ్ చేసేద్దాం," అన్నారు. "ఇంట్లో అడిగి వస్తానండి" అనే వాక్యం నాకు గుర్తుంది. కానీ దిండు మెత్తగా ఉంది, సిస్టరు కొబ్బరినీళ్లు ఇచ్చింది, కాసేపయ్యాక అందాంలే అనుకుని నిద్రపోయాను. లేచేసరికి ఒకాయన నా ముంజేతి మీద వెంట్రుకలు గీస్తున్నాడు. తీగ అక్కణ్నుంచే లోపలికి పంపుతారని చెప్పాడు. అప్పుడు మాత్రం చెమటలు నిజంగానే పట్టాయి.

సిస్టరుతో ఇంటికి వెళ్తానన్నాను. "గుండె విషయం సర్, ఒంటరిగా పంపం. మీ మనిషొచ్చి సంతకం పెట్టాలి. ఎవరొచ్చారు మీతో?" అంది. గాభరాలో నోటికొచ్చింది, "కింద మా డ్రైవరున్నాడండి," అన్నాను. "డ్రైవర్ సంతకం పనికిరాదు సర్. ఇంట్లోవాళ్లు రావాలి. మీ బట్టలు, ఫోను మాత్రం అతనికి పంపించేస్తాం, ఇక్కడ ఉంచకూడదు." ఫోను ఇచ్చేముందు దుప్పటి ముసుగేసుకుని అన్నకు చేశాను.

"అన్నా, నన్ను పడుకోబెట్టేశారు. సాయంత్రం తీగ వేస్తారట."

"ఏం తీగరా? ఏం చెప్పినవ్ నువ్వు?"

"అడిగినవన్నీ ఉన్నాయని చెప్పాను."

"దిమాగ్ ఉందా తమ్మీ నీకు? మనకిచ్చింది నొప్పి ఒక్కటే గదరా! చెమటలు యాడికెల్లి తెచ్చినవ్?"

"నువ్వు పైకొచ్చెయ్ అన్నా. కవరు తే. ఇంకోటి... ఇక్కడ నువ్వు నా డ్రైవర్‌వి."

"మస్తుంది," అన్నాడు. "కారు సుత చెప్పినవా, ఏం రంగుదో?"

ఆ తర్వాత కింద జరిగింది అన్న ఎన్నోసార్లు చెప్పాడు కాబట్టి నేను చూసినట్టే చెప్పగలను. లిఫ్టు దగ్గర సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏయ్, గిటు గాదు. ఓపీ అటు." "మా సార్ పైన ఉన్నడు భాయ్. జర చూసొస్త." "డ్రైవర్లు పార్కింగ్‌ల ఉండాలె. పో." అన్న మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దున్న తొమ్మిది నుంచీ ఆయనదీ ఛాతీ నొప్పే, ఇంకా ఆయన టోకెన్ పిలవలేదు. కవరు తెరిచి చూపిస్తే ఒక్క నిమిషంలో పైకి వెళ్లొచ్చు. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆయనకు ఇంట్లో ఇద్దరు పిల్లలు. నా ముంజేయి అక్కడ, ఆయన పిల్లలు ఇక్కడ. ఇంతలో ఒక ఆయమ్మ ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చి, "మూడో అంతస్తు సార్ డ్రైవర్ ఎవరు?" అని అరిచింది. అన్న కూడా అందరితో పాటు చుట్టూ చూసి, తర్వాత తనే అని జ్ఞాపకమొచ్చి లేచాడు. సంచిలో నా చొక్కా, ప్యాంటు, బూట్లు, ఫోను. అన్న ఐదు నిమిషాలు వాటిని చూశాడట. (ఐదు నిమిషాల ఇరవై సెకన్లు.) తర్వాత బాత్రూంలోకి వెళ్లాడు.

బయటికొచ్చినప్పుడు ప్యాంటు చీలమండల పైన ఆగింది, బూట్లు బిగుతై కుంటుతున్నాడు. అదే సెక్యూరిటీ అతను లేచి నిలబడ్డాడు. "లిఫ్ట్ ఇటు సర్. కాలికేమైంది సర్? వీల్‌చైర్ తేవాల్నా?"

పైకి వచ్చి అన్న మా యాస మొదలుపెట్టాడు. అది ఆయన జీవితంలో వేసిన అన్ని వేషాల్లోకీ ఘోరమైనది. "మా తమ్ముడండి. మా ఇంటికాడ డాక్టరుగారు ఉన్నారండి. ఆయనకి చూపెట్టుకుంటామండి," అని ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తున్నాడు. సిస్టరు ఏదో అడగబోయి, డాక్టరుగారు అప్పటికి కింద జనరల్ ఓపీలో కూర్చున్నారు కాబట్టి, ఆయన్నే ఫోన్లో అడిగింది. ఆయన వెళ్లనివ్వమన్నాడు, కానీ సలహాకు విరుద్ధంగా వెళ్తున్నట్టు రాయించుకోమన్నాడు. అన్న రాస్తుండగా ఆ ఆయమ్మ లోపలికి వచ్చింది. ఆయన్ని చూసింది. నా చొక్కాను చూసింది. నన్ను చూసింది. నా ప్రాణాలు నిజంగా ఎడమ చేతిలోకి పాకాయి. ఆమె మంచం దగ్గరికి వచ్చి దుప్పటి సర్దుతున్నట్టు వంగి, "సూదంటే భయమా సారూ?" అంది మెల్లగా. "గంత దానికి డ్రైవర్‌ను అన్నను జేస్తరా? చెప్తే నేను నవ్వుతనా?" అని, నవ్వుకుంటూనే బయటికి పోయింది. ఆ రోజు ఆ ఆసుపత్రిలో మా ఇద్దర్నీ ఒక్క తీరుగా చూసిన మనిషి ఆమె. మా ఫారంలో ఆయమ్మలకు గడి లేదు.

అన్న నా చేతికి సంచి ఇచ్చాడు. బాత్రూంలోకి వెళ్లి తెరిస్తే అందులో వెలిసిన ప్యాంటు, గుండీ ఊడిన చొక్కా, తువ్వాలు. ఇంకేం చేస్తాను, వేసుకున్నాను. నన్ను చూసి సిస్టరు నోరు తెరిచింది. "ఇంట్లో వేసుకునేవండి," అన్నాను. లిఫ్టు దగ్గర అన్నకు తలుపు తెరుచుకుంది. నన్ను చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. "నువ్వు మెట్ల మీదికెల్లి పో." పొద్దున్న చక్రాల కుర్చీలో ఎక్కిన గుండె మూడంతస్తులు నడిచి దిగింది.

మెట్లు సరిగ్గా జనరల్ ఓపీ హాల్లోకి దిగుతాయి. నేను దిగడం, అన్న టోకెన్ పిలవడం ఒక్కసారే జరిగాయి. ఆ టోకెన్ చీటీ నా మీదున్న అన్న చొక్కా జేబులో ఉంది. పలక్కపోతే ఐదున్నర గంటలు కూర్చున్న అన్న పని పోతుంది. హాలు అవతల నా బూట్లలో నిలబడి అన్న కనుబొమలతో 'పో' అన్నాడు. లోపల ఉన్నది అదే డాక్టరు. ఆయన తలెత్తితే అంతా బయటపడుతుంది. కవరు, ఆరు వారాలు, అన్న పిల్లలు, అన్నీ ఆయన మెడ మీద ఆధారపడి ఉన్నాయి. వెళ్లి నిలబడ్డాను.

"ఏంటి?"

"ఛాతీల నొప్పి సార్. రెండు రోజులసంది."

పెన్ను అప్పటికే కదులుతోంది. "తిన్నాక ఎక్కువా?"

"అవ్ సార్."

"గ్యాస్. కారం తగ్గించు. పొద్దున్నొకటి, రాత్రొకటి. నెక్స్ట్."

పొద్దున్న నా చెయ్యి పట్టుకున్న చెయ్యి చీటీ చింపి ఇచ్చింది. లోపలికి వెళ్లేటప్పుడు నన్ను గుర్తుపడతాడేమోనని వణికినవాణ్ని, సగంలో ఒక్కసారి తలెత్తి గుర్తుపడితే బాగుండునని ఎందుకనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయన ముందు ఇంకా ఎనభైమంది ఉన్నారు, పొద్దున్నుంచీ ఆయన ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. (ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ రోజు నాకున్నది గ్యాసే. హాస్టల్ పూరీలు. ఆ మాత్ర వేసుకుంటే హాయిగా నిద్రపట్టింది.)

బయట అన్న స్టాప్‌వాచ్ చూపించాడు. నలభై ఒక్క సెకన్లు. పొద్దున్న ఇరవై ఆరు నిమిషాలు. "రాద్దామా?" అన్నాను. "ఎట్ల రాస్తవ్‌రా? రెండు బట్టల్లో ఇద్దరుండాలె. మనకాడ ఒక్కడే ఉన్నడు," అన్నాడు. మెట్రో స్టేషను మెట్ల మీద కూర్చుని బట్టలు, అంటే చొక్కాలు మాత్రమే, మార్చుకున్నాం. అబద్ధం రాసి ఉద్యోగం ఉంచుకోవడమా, నిజం చెప్పి పోగొట్టుకోవడమా అని ఆలోచిస్తూ రెండు రైళ్లు పోయేదాకా అక్కడే కూర్చున్నాం. చివరికి అన్నే లేచాడు. "తప్పుడు లెక్క ఇస్తే, గా బెంచీ మీద నేను కూసున్నది ఎందుకు పనికొస్తది? పా, చెప్దాం."

మేడం అంతా విని, ఫారాలు రెండూ అడ్డంగా కొట్టేసింది. కవరు అడిగి తీసుకుని, అంటించింది అంటించినట్టే ఉందని చూసి, "రేపు ఇద్దరూ వేరే ఆసుపత్రికి," అంది. మేం గుమ్మం దాటాక లోపల ఆమె ఒక్కతే నవ్వడం వినపడింది. అన్న దాన్ని కూడా కొలిచాడు గానీ ఎంతసేపో నాకు గుర్తులేదు. మర్నాడు మా నియమాల కాగితంలో మూడోది చేరింది. 'డాక్టరు అడిగిన ప్రతి లక్షణమూ ఉందని చెప్పరాదు.'

ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ కాగితం చదివి వినిపించేది నేనే. జుట్టు పూర్తిగా పోయింది కాబట్టి నన్ను 'సార్' అంటారు. మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి మూడో నియమం దగ్గర పకపకా నవ్వింది. "ఇదెవరి కోసం రాశారు సార్? అడిగినవన్నీ ఉన్నాయని చెప్పేవాడు ఎవడైనా ఉంటాడా?" "ఉండేవాడమ్మా," అన్నాను. "పాపం, మర్యాదస్తుడు." అన్న ఉండి ఉంటే అక్కడే నా పేరు చెప్పేసేవాడు. ఖాళీగా ఉన్న పక్క కుర్చీ వైపు ఒకసారి చూసి, నాలుగో నియమం చదవడం మొదలుపెట్టాను.