మేడకు తాళం

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో కాలేజీవాళ్లు మాకు వరద శిక్షణ ఇచ్చి, ఎవరి బస్తీకి వాళ్లను లీడర్‌ని చేశారు. గౌలిపురలో మా గల్లీకి నేను. మాక్ డ్రిల్ రోజు విజిల్ ఊదగానే జనమంతా గల్లీలో ఎత్తయిన సేఠ్ గారి మేడపైకి ఎక్కారు. చప్పట్లు, ఫొటోలు!

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. విజిల్ ఊదాను. మంచం దిగనన్న సాయమ్మ అవ్వను బతిమాలి లేపుకొచ్చాను. తీరా మెట్లెక్కితే పైన ఇనుప గేటుకు తాళం!

“మొన్న డ్రిల్లుల పోరగాళ్లు సేఠాని పైన ఎండేసిన అప్పడాలు తొక్కిండ్రు. గప్పటిసంది తాళమే. చావి సేఠ్ దగ్గరుంది, దుకాన్‌కు పోయిండు” అన్నాడు ముందున్న యాదన్న.

కింది నుంచి జనం తోసుకొస్తున్నారు. రాయితో ఎంత కొట్టినా తాళం ఊడలేదు. ఆ తోపులాటలో అవ్వ మెట్ల మీద పడి తుంటి విరిగింది.

సాయంత్రానికి నీళ్లు తీశాయి. వెళ్లి చూస్తే అవ్వ మంచం పట్టె కూడా తడవలేదు.

ఇప్పుడామె ఆ మంచం మీదే ఉంది. “నువ్వు పిలిస్తివని లేసొచ్చిన బిడ్డా” అంటుంది, కోపం లేకుండా.

మొన్న మళ్లీ మబ్బు పట్టింది. మేడకు ఈసారి ఇంకా పెద్ద తాళం వేలాడుతోంది. విజిల్ చేతిలోకి తీసుకున్నాను కానీ ఊదలేదు. ఊది, జనాన్ని ఎక్కడికి రమ్మనాలి?