నల్ల అద్దాల బుచ్చన్న

బొగ్గుబాయి లోపల పనిచేసినన్నాళ్లూ బుచ్చన్నకు ఎండతో పేచీ లేదు. గోదావరిఖనిలో అతని బాయి మూతపడి, డ్యూటీ నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు మీదికి మారాకే సూర్యుడు తగులుకున్నాడు. డంపర్లు తిరిగే దారి పక్కన జెండా పట్టుకుని నిలబడడం పని. నెత్తిన ఎండ, ఎదురుగా దుమ్ము. నెల తిరక్కముందే కళ్లు చింతనిప్పులయ్యాయి.

చౌరస్తాలో కళ్లద్దాలమ్మే సిరాజుద్దీన్ బండి దగ్గరికి పోయి, ఉన్నవాటిలో అన్నిటికన్నా నల్లటివి ఏరుకున్నాడు.

"వెలుగే దూరకపోతే ఎండెట్ల దూరుతది?" అన్నాడు.

"సహీ బాత్ అన్నా!" అన్నాడు సిరాజుద్దీన్. అమ్మేవాడు కాదంటాడా!

మర్నాటి నుంచి గనిలో అందరూ హీరో అని పిలవసాగారు. బుచ్చన్న అద్దాల ఎంపిక మీద పాఠాలు మొదలుపెట్టాడు. "అద్దం ఎనుక నీ కన్ను అవుపడ్తే అది దండుగ" అనేవాడు. ఆ మాట నమ్మి పక్క క్వార్టరు సదయ్య కూడా అలాంటివే కొన్నాడు.

బుచ్చన్న భార్య సారవ్వ మాత్రం పత్తి చేలో కళ్లు మండుతున్నాయని దవాఖానకు పోయింది. డాక్టరమ్మ రాసిచ్చిన అద్దాలు ఛాయ్ నీళ్ల రంగులో, చెంపల దాకా ఉన్నాయి. బుచ్చన్న పగలబడి నవ్వాడు.

"గియ్యి ఎండనాపుతయా? గాలి సుత ఆగదు!"

నవ్వు ఆగింది గాని అతని కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. చివరికి సారవ్వ చెకప్పుకు పోతుంటే, తోడు వస్తున్నవాడిలా బయల్దేరాడు. డాక్టరమ్మ ఇద్దరి అద్దాలనూ ఒక చిన్న మిషన్‌లో పెట్టి చూసింది. సారవ్వవి గెలిచాయి.

"రంగు వేరు, రక్షణ వేరండీ" అందామె. "కన్నును పాడుచేసే కిరణాలు మనకు కనబడవు. వాటిని ఆపే గుణం మీ అద్దాలకు లేదు. పైగా అంత నల్లగా ఉండేసరికి చీకటైందనుకుని కంటిపాప పెద్దగా తెరుచుకుంటుంది. ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి."

"అంటే నేనే తలుపు తీసి రమ్మన్నట్టా మేడమ్?"

సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చే దారిలో బుచ్చన్నకు సదయ్య గుర్తొచ్చాడు. తన కళ్ల సంగతి సరే, తన మాట విని కొన్నవాళ్ల సంగతేమిటి? మర్నాడు డాక్టరమ్మ తనకూ రాసిచ్చిన ఛాయ్ రంగు అద్దాలతోనే డ్యూటీకి పోయి, సదయ్యకు అంతా చెప్పాడు.

"దవాఖానోళ్లకు కమీషన్ ఉంటది కాకా. కన్ను అవుపడ్తే దండుగని నువ్వే చెప్తివి గదా!" అన్నాడు సదయ్య. పాఠం అంత బాగా వంటబట్టింది. పైగా, "నీ నల్లయి ఉత్తగనే ఉన్నయి గదా, నాకియ్యరాదు" అని అడిగాడు.

బుచ్చన్న వాటిని బూటు కింద వేసి తొక్కాడు. సదయ్య అలిగి కొన్నాళ్లు పలకరించలేదు.

బుచ్చన్న కళ్ల ఎరుపు మెల్లగా తగ్గింది. హీరో అని పిలిచేవాళ్లూ తగ్గారు.

ఎండలు ముదిరాక సారవ్వ చెప్తే, సదయ్య భార్య మల్లక్క మొగుణ్ణి దవాఖానకు లాక్కుపోయింది. ఆ తర్వాత సదయ్య లేతరంగు అద్దాలతో షిఫ్టుకు వచ్చి, బుచ్చన్నను పక్కకు పిలిచి, ఎంతో దయగా చెప్పాడు.

"ఉత్త నల్లయి పెట్టుకుంటే కన్ను ఖరాబైతదట కాకా. పాపం, నీకెవ్వలు చెప్పలేదా?"