ఎండలో చూసిన మ్యాచ్

ఇంగ్లీషులో ‘మ్యాచ్’ అనేది నిజానికి రెండు మాటలు. అగ్గిపుల్లకు చెప్పేది, దీపపు వత్తికి పాత ఫ్రెంచిలో ఉన్న పేరు నుంచి వచ్చింది. ఆటకూ జోడీకీ పెళ్లి సంబంధానికీ చెప్పేది, పాత ఇంగ్లీషులో ‘సాటి మనిషి’ అనే మాట నుంచి వచ్చింది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. సికింద్రాబాదులో చీరకు సరిపడే జాకెట్టు గుడ్డ అమ్మే దుకాణాన్ని మ్యాచింగ్ సెంటర్ అంటారు.

అలాంటి ఒక దుకాణంలో ఝాన్సీలక్ష్మి చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ట్యూబులైటు కింద ఒకే రంగుగా కనిపించిన రెండు గుడ్డలు ఎండలో వేరుగా తేలవచ్చు. వాటి అద్దకాలు వేరు కావడమే కారణం. అందుచేత ఆమె చీరనూ గుడ్డనూ గుమ్మం బయటికి తెచ్చి చూపిస్తుంది. కొనేవారు తలూపాకే లోపలికి కేక వేస్తుంది: “కట్ చేయ్!” కత్తిరించిన గుడ్డను దుకాణం వెనక్కి తీసుకోదు.

నలభైకి దగ్గరపడిన ఆమెకు అన్న రాఘవేందర్ ఒక సంబంధం తెచ్చాడు. “మంచి మ్యాచ్. ఇది తప్పితే నేనింక సంబంధాలకు తిరుగ,” అని ముందే చెప్పాడు. వరుడు దుర్గేష్‌ది నేరేడ్‌మెట్‌లో మోటార్ల వైండింగ్ పని, భార్య చనిపోయింది. ఆదివారం మధ్యాహ్నం, సీతాఫల్‌మండిలో వాళ్లింట్లో, కిటికీ లేని ముందుగదిలో ట్యూబులైటు వేసి పెళ్లిచూపులు జరిపారు.

చాయ్ అయ్యాక ఝాన్సీలక్ష్మి లేచింది. “జెర బయటికి వస్తరా?”

“ఏందే గిది? లోపల కనవడ్తలేడా?” అన్నాడు రాఘవేందర్.

“మంచిగనే కనవడ్తుండన్నా. గందుకే బయట చూస్తా అంటున్న.”

దుర్గేష్ వాకిట్లో ఎండకు నిలబడ్డాడు. లోపల నల్లగా ఉన్న జుట్టు ఇక్కడ చెవుల పైన వంకాయ రంగులో ఉంది.

“ఎప్పుడు ఏస్కున్నరు రంగు?”

“నిన్న. మీ అన్ననే ఏస్కోమన్నడు. వయసు సుత ఐదేండ్లు తక్కువ చెప్పమన్నడు.”

“అసలెంత?”

“నలభై ఏడు.”

ఆమె గుమ్మంలో ఉన్న అన్నను చూసింది.

“పరేషానయి చెప్పిన చెల్లే,” అన్నాడు అతడు.

“రంగు పోయినంక రండి,” అని దుర్గేష్‌తో చెప్పి ఆమె లోపలికి వెళ్లింది.

మ్యాచ్ పోయిందని రాఘవేందర్ వారమంతా సణుగుతూనే ఉన్నాడు. జుట్టుకు వేసిన రంగు పూర్తిగా పోవాలంటే కొత్త జుట్టు పెరగాలి. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. దుర్గేష్ అంతకాలం ఆగలేదు. మరుసటి ఆదివారం గుండుతో వచ్చాడు.

“తిరుపతి పోయిండ్రా?” అన్నాడు రాఘవేందర్.

“లే. మా గల్లీల సెలూన్.”

ఎవరూ అడగకుండానే అతడు ఎండలో నిలబడి తల వంచాడు. అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. ఝాన్సీలక్ష్మి అతడి చుట్టూ తిరిగి చూసి తలూపింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి, దుకాణంలో వేసే కేకే అన్నకు వేసింది:

“కట్ చేయ్!”