పసుపు నీళ్లు పోసిన చక్రం

గోపాలపట్నంలో మెకానిక్ మా పాత బండి చక్రంలోంచి అరిగిన బేరింగులు కొట్టి తీస్తుంటే, ఆ గ్రీజు వాసనకి నాన్న గుర్తొచ్చారు. దసరా ముందు మీ నాన్నలూ ఇంట్లోనే బండి విప్పేవారు కదూ? మా ఇంట్లో కొత్త బేరింగులకి గ్రీజు పూసేది నేనే. "సుక్క నీరు తగిలినా పాడైపోద్దే" అనేవారు నాన్న.

నేను పెద్దమనిషినైన ఏడు, చక్రం బిగించాక నాకు నెలసరి వచ్చింది.

"మైల పిల్ల సెయ్యేసిన బండికి పూజేటిరా?" అంటూ నాయనమ్మ చక్రం మీద బిందెడు పసుపు నీళ్లు గుమ్మరించింది. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేనూ నిత్యం దీపం పెట్టేదాన్నే. అమ్మవారు నా చేతిని మైల అనుకుందంటే ఇప్పటికీ నమ్మను.

తుప్పు పట్టిన ఆ బేరింగులను నాన్న తర్వాత మళ్లీ మార్చారు. నన్ను పిలవలేదు. ఇంకెప్పుడూ పిలవలేదు.