శ్రీను చేతిలో నూట ఎనభై

దెయ్యాల సంగతులు నేను ఏనాడూ నమ్మలేదు. మా కాలేజీలో ఫిజిక్సు ల్యాబుకి ఆనుకుని జువాలజీ ల్యాబు ఉండేది. అందులో అద్దాల బీరువాలో నిజమైన మనిషి అస్థిపంజరం నిలబెట్టి ఉంచారు. పిల్లలు అటు తొంగి చూడ్డానికే జంకేవారు. నేను మాత్రం అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని రోజూ దాని పక్కనే కూర్చుని క్యారేజీ విప్పుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ల్యాబు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. కంటితో చూసి, కొలిచి, కాగితం మీద రాసుకున్నదే నిజమని బతికినవాణ్ణి. ఇప్పుడు చెప్పేది కూడా అలా కొలిచి రాసుకున్నదే.

మాది నరసరావుపేట. పాతకాలపు కొలత పరికరాలు కొని బాగుచేసి పెట్టుకోవడం నాకున్న ఒకే ఒక పిచ్చి. రేడియో రిపేరు షాపు మూసేస్తున్నారన్నా, మిల్లులో పాత సామాను తూకానికి వేస్తున్నారన్నా నాకు కబురొస్తుంది. ముల్లు మీటర్లు, ఆసిలోస్కోపులు, సిగ్నల్ జనరేటర్లు మేడమీద గది నిండా ఉన్నాయి. మా ఆవిడ పద్మ ఆ గదికి పెద్దాసుపత్రి అని పేరు పెట్టింది. చేర్చుకోవడమే గాని డిశ్చార్జి చేయడం లేదని తన ఫిర్యాదు.

ప్రతి పరికరానికీ నోటుబుక్కులో ఒక పేజీ కేటాయిస్తాను. ఎక్కడ దొరికింది, ఏం పాడైంది, ఏం మార్చాను, ఏం తుడిచాను, అన్నీ రాస్తాను. ఆ అలవాటే లేకపోతే ఇదంతా నా భ్రమ అనుకుని ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

ఆ మీటరు మాచర్లలో దొరికింది. మస్తాన్ వలీ అని మోటార్లకు వైండింగు చుట్టే మనిషి చనిపోతే, ఆయన భార్య షాపు సామానంతా అమ్మేసింది. నేను వెళ్ళేసరికి ఇదొక్కటే మిగిలింది. నల్లటి బేకలైటు పెట్టె, తోలు పట్టీ, అరచేయంత అద్దం. పనికిరాదని మా ఆయనే పక్కన పడేశాడు అని ఆవిడ ముందే చెప్పింది. నాకు అలాంటి మాట వింటే ఇంకా హుషారొస్తుంది. ఆయన ఎలా పోయాడని అడగాలన్న ధ్యాస కూడా లేకుండా సంచీలో వేసుకుని బస్సెక్కాను.

ఇంటికి తెచ్చి విప్పితే లోపల ఏ లోపమూ లేదు. పాత సోల్డరింగు ఒకటి రెండు చోట్ల మళ్ళీ చేశాను. అద్దం మీద ఎర్ర వార్నీషుతో పెట్టిన చుక్క ఒకటి ఉంటే థిన్నరుతో తుడిచేశాను. వైండింగు వాళ్ళ చేతులకి ఎప్పుడూ ఆ వార్నీషు అంటుకునే ఉంటుంది, అలా పడిందనుకున్నాను. నోటుబుక్కులో ఇలా ఉంది: ‘అద్దంపై ఎర్ర చుక్క, నాలుగు వందల అంకె దాటాక. తొలగించడమైనది.’

శ్రీను మా ఆవిడ తమ్ముడు. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. పద్మకి అప్పటికి పద్దెనిమిది. తనే పెంచింది. మా పెళ్ళయ్యాక వాణ్ణి వెంటబెట్టుకునే కాపురానికొచ్చింది. ఐటీఐ నేనే చదివించాను. ముప్పాళ్ళలో ఇల్లు కట్టుకుని చుట్టుపక్కల పొలాల్లో మోటార్లు, స్టార్టర్లు బాగుచేస్తూ నిలదొక్కుకున్నాడు. పెళ్ళయింది, ఒక కూతురు.

వాడికి ఒక చిక్కొచ్చింది. డిజిటల్ మీటర్లతో పొలాల్లో చానా అవస్థగా ఉందన్నాడు. పొడుగాటి కేబుళ్ళలో కరెంటు లేకపోయినా ఆ మీటరు ఏదో ఒక అంకె చూపిస్తుంది. పక్క వైరులో కరెంటుంటే చాలు, ఆ వాసన పట్టేస్తుంది. ముల్లు మీటరు అలా కాదు. నిజంగా కరెంటు ప్రవహిస్తేనే దాని ముల్లు లేస్తుంది. అందుకని నా దగ్గరున్నవాటిలో గట్టిది ఒకటి ఇమ్మన్నాడు. నేను సంబరపడిపోయాను. నా ఆసుపత్రి నుంచి మొదటి డిశ్చార్జి. మాచర్ల మీటరు తీసి వాడి చేతికిచ్చాను.

ఇచ్చిన మరుక్షణం ముల్లు లేచింది.

ఉదయం పది గంటలప్పుడు. కిటికీలోంచి ఎండ బల్లమీద పడుతోంది. వైర్లు ఇంకా తగిలించనే లేదు, బల్లమీదే ఉన్నాయి. ముల్లు నెమ్మదిగా కదిలి నూట ఎనభై వోల్టుల దగ్గర ఆగింది. నేను తీసుకుంటే సున్నాకి వెళ్ళింది. మళ్ళీ వాడికిస్తే మళ్ళీ నూట ఎనభై.

‘ఏంది బావా, నీ మీటరుకి నేనంటే పడట్లేదే’ అని వాడు నవ్వాడు.

నాకు పట్టుదల వచ్చింది. ఆ నెలలో వాణ్ణి నాలుగుసార్లు పిలిపించాను. పాత మీటర్ల అద్దం మీద తుడుపు వల్ల స్టాటిక్ విద్యుత్తు చేరితే ముల్లు కొంచెం కదలడం మామూలే, అందుకని సబ్బునీళ్ళతో తుడిచాను. ఇంటి మెయిన్ ఆపేసి చూశాను. వాణ్ణి చెక్క పీట మీద నిలబెట్టాను. డాబా మీదకి తీసుకెళ్ళాను. లోపలి డయోడ్లు మార్చాను. పద్మ పట్టుకుంది, వాడి భార్య పట్టుకుంది, ఎదురింటి మేష్టారు పట్టుకున్నాడు. అందరికీ సున్నా. శ్రీనుకి నూట ఎనభై. ప్రతిసారీ అదే అంకె. ప్లగ్గులో పెట్టి చూస్తే మాత్రం వాడి చేతిలోనైనా రెండు వందల ముప్పై సరిగ్గా చూపించేది.

ఒకటి గమనించాను. అద్దం మీద వేలితో తడితే ఆ నూట ఎనభై సున్నాకి పడిపోయేది. నిజంగా కరెంటున్నప్పుడు ఎంత తట్టినా ముల్లు కదిలేది కాదు. ముల్లు మీటరు వాడే ప్రతివాడికీ అద్దం తట్టే అలవాటు ఉంటుంది. ఎక్కడైనా పట్టేసుంటే వదులుతుందని. నాకు అంతకన్నా మంచి పరీక్ష ఏం కావాలి? శ్రీనుకి నేనే చెప్పాను. లేస్తే తట్టు, పడిపోతే అది ఉత్తదే, పడకపోతే నిజం అని. నోటుబుక్కులో ‘బేరింగు పట్టు, స్టాటిక్ కావచ్చు. వాడకానికి అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం కూడా చేశాను. కారణం దొరకలేదని రాయడానికి నామోషీ అనిపించింది.

వాడు దాన్ని నాలుగు నెలలు వాడాడు. ఎప్పుడైనా ఫోను చేసి ఇవాళ కూడా నీ మీటరు నన్ను చూసి లేచింది బావా అని ఆట పట్టించేవాడు.

మిరపకాయలు కోతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున పదకొండు గంటలకి ఫోనొచ్చింది. వెంకయ్య అనే రైతు పొలంలో స్టార్టరు పెట్టె బాగుచేస్తూ శ్రీను షాకు కొట్టి పడిపోయాడన్నారు. నేనూ పద్మా ఆటో మాట్లాడుకుని వెళ్ళేసరికి వాణ్ణి కళ్ళం పక్కన వేపచెట్టు కింద పడుకోబెట్టారు. పద్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని, చొక్కా గుండీలు పెడుతూ కూర్చుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన అవసరం లేదని చూడగానే తెలిసింది.

జరిగింది ఇది. మా వైపు పొలాల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్లకి ఒక పద్ధతి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకి అక్కడ వదలరు, తమ సంచీలోనే వేసుకుంటారు. వెనకాల ఎవరో తెలియక పెట్టేస్తారని. శ్రీను కూడా పీకి సంచీలో వేసుకున్నాడు. మూడు ఫ్యూజులూ సంచీలోనే దొరికాయి. దానివల్ల అదే లైను మీదున్న పక్క పొలం రైతు మోటారు కూడా ఆగిపోయింది. ఆయన కరెంటు ఎందుకు పోయిందో కనుక్కోకుండా అద్దె జనరేటరు తెచ్చి తగిలించుకున్నాడు. తన మోటారుని లైను నుంచి విడదీయలేదు. ఆ కరెంటు వెనక్కి తిరిగి వెంకయ్య స్టార్టరు దాకా వచ్చింది.

శ్రీను చేయి పెట్టేముందు మీటరు పెట్టి చూశాడు. పక్కనే నిలబడ్డ వెంకయ్య చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

‘ముల్లు లేసిందయ్యా, నేను గూడా చూశా. ఏందిరా లేసింది అంటే, ఇది మా బావ మీటరు, నా చేతిలో ఇట్టనే లేస్తది బాబాయ్ అన్నాడు. ఏలితో కొట్టాడు. పడలా. మళ్ళీ కొట్టాడు. మూడోతూరి పడిపోయింది. సున్నాకి పోయింది. అప్పుడే చెయ్యి పెట్టాడు.’

ఇక్కడే నా ముప్పై ఏళ్ళ చదువు ఆగిపోయింది. నిజంగా కరెంటున్న వైర్ల మీద ముల్లు పడిపోవడం కుదరదు. తట్టినప్పుడు వైరు జారి ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. కానీ శ్రీను వాడినవి మొసలి నోరులా గట్టిగా కరిచిపట్టే క్లిప్పులు. నేను వెళ్ళేసరికి అవి వైర్లని పట్టుకునే ఉన్నాయి. మీటరు స్టార్టరు పెట్టె మీద నిటారుగా నిలబడి ఉంది, ముల్లు సున్నా మీద. వెంకయ్య పొరబడ్డాడేమో అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పాడు. ఆయనకి అబద్ధమాడే అవసరం లేదు.

తర్వాత కరెంటాఫీసువాళ్ళు విచారణకొచ్చి ఆ జనరేటరుని నడిపి కొలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. ఇంజను పాతదై పూర్తి వేగం అందుకోవడం లేదు. అందుకని రెండు వందల ముప్పై ఉండాల్సిన వోల్టేజి తక్కువొస్తోంది. ఎంత అని అడిగాను. నూట ఎనభై అన్నారు. ఇంటికొచ్చి నోటుబుక్కు తీసి నాలుగు నెలల కిందటి పేజీ చూసుకున్నాను. నాలుగుసార్లూ నా చేత్తోనే రాసి ఉంది. ఆ రోజుకి ఆ జనరేటరు అద్దెకి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ పుట్టలేదు.

పెద్దకర్మ అయ్యాక మాచర్ల వెళ్ళాను. మస్తాన్ వలీ భార్య నన్ను గుర్తుపట్టింది. ఆయన ఎలా పోయాడని అప్పుడడిగాను. మిల్లులో త్రీఫేజు మోటారు దగ్గర షాకు కొట్టి పోయాడట. మీటరు సంగతి కదిపితే ఆవిడే చెప్పింది.

‘ఆయన చేతిలోనే లేసేదన్నా. నేను పట్టుకుంటే లేసేది కాదు. ఎంత దాకా లేస్తందో చూద్దామని వార్నీసుతో చుక్క పెట్టుకున్నాడు. రోజూ ఆ చుక్క కాడికే వచ్చేది. ఇసుగు పుట్టి మూలన పడేశాడు. ఆ రోజు ఏరే మీటరు తీసకపోయాడు.’

చుక్క నాలుగు వందలు దాటాక ఉంది. త్రీఫేజులో రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజి కూడా నాలుగు వందల పైచిలుకే. ఆ చుక్కని థిన్నరు పెట్టి, మెత్తటి బట్టతో, అద్దం మీద గీత పడకుండా శ్రద్ధగా తుడిచినవాణ్ణి నేను.

ఆయన దాన్ని వదిలేసి వెళ్ళి చనిపోయాడు. శ్రీను దాన్ని తీసుకెళ్ళి చనిపోయాడు. అది హెచ్చరించిందా, నమ్మకుండా చేసి చంపిందా? ఏ వైపు నుంచి ఆలోచించినా లెక్క సగంలోనే తెగిపోతోంది. హెచ్చరించేదైతే మూడో దెబ్బకి ఎందుకు పడిపోయింది? చంపేదైతే నాలుగు నెలల ముందునుంచి అంకెతో సహా ఎందుకు చూపించింది?

తట్టమని నేనే చెప్పానన్న మాట పద్మకి చాలాకాలం చెప్పలేదు. భయమేసింది. సంవత్సరీకాల నాడు అందరూ వెళ్ళాక, ఇద్దరం వరండాలో కూర్చున్నప్పుడు నోటుబుక్కు తన ముందు పెట్టి మొత్తం చెప్పాను. పేజీ అంతా చదివింది. నా సంతకం దగ్గర వేలు పెట్టింది.

‘అది వాడికి చెప్పింది. నువ్వే విననియ్యలా’ అంది. కేకలేయలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు గాని, పెద్దాసుపత్రి అని కూడా ఆ రోజు నుంచి అనలేదు.

తిరిగి నా గదికే చేరిన మీటరుని పగలగొడదామని రెండుసార్లు సుత్తి తీసుకున్నాను. రేపు ఇంకెవరికైనా అదొక్కటే చెప్పగలిగేదేమో అనిపించి ఆగిపోయాను. పద్మ చేత, సెలవుకొచ్చిన మా అబ్బాయి చేత, శ్రీను భార్య చేత, వాడి కూతురి చేత ఏదో ఒక మిష పెట్టి పట్టించి చూశాను. అందరికీ సున్నా వచ్చింది. అప్పుడు మాత్రం నిద్రపట్టింది.

నా చేతిలో ఎంత చూపిస్తుందో శ్రీను పోయాక చూడలేదు. దుమ్ము దులపడానికి తీయాల్సొస్తే, అద్దం కిందికి ఉండేలా బోర్లించి తీస్తాను.